వెలుగు మీద కూర్చున్న హెప్సీ

సినిమా కొత్తగా పుట్టిన ఆ రోజుల్లో హెప్సీ పగలంతా లాంకషైర్‌లోని నూలు మిల్లులో నిలబడేది. అందుకే మేనమామ జేబెజ్ కదిలే బొమ్మల పెట్టె పట్టుకుని ఊళ్లోకి దిగినప్పుడల్లా, సాయంత్రాలు ఊరికే కూర్చుంటే చాలంటే సంతోషంగా ఒప్పుకునేది. రెండు రబ్బరు సంచుల నిండా గ్యాసు, వాటి మీద చెక్క పలక, పలక మీద హెప్సీ. ఆమె బరువుకి గ్యాసు గొట్టాల్లోంచి తన్నుకొచ్చి, మంటై, వేలెడంత సున్నపు కడ్డీని కాల్చేది. ఆ కడ్డీ కళ్లు చెదిరేలా తెల్లగా వెలిగి, బొమ్మని గోడ మీదికి పంపేది. ఇదివరకు పలక మీద ఇనప దిమ్మలుండేవి. దిమ్మలకి రైల్లో కిరాయి కట్టాలి, మేనకోడలైతే తన కాళ్ల మీద తనే నడిచొస్తుంది. జేబెజ్ మహా గట్టివాడు.

లావని ఎవరైనా అంటే తిప్పికొట్టే నోరు హెప్సీకి ఉంది. కానీ తనని తాను చూసుకోవడమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

ఆ శనివారం జేబెజ్ మిల్లు గేటు ముందు కెమెరా పెట్టి, పని వదిలి వచ్చే జనాన్ని బొమ్మ తీశాడు. తమని తాము చూసుకోవడానికి సాయంత్రం ఊరంతా హాలుకి ఎగబడింది.

"మామయ్యా, నేనున్న ముక్క కత్తిరించెయ్."

"కత్తిరిస్తే సగం గేటు పోతుందే! అటునుంచి ఇటుదాకా నువ్వేగా!"

"అయితే పలక మీద నువ్వే కూర్చో."

"నేను కూర్చుంటే మిణుగురంత వెలుగు కూడా రాదు. కూర్చోవే తల్లీ, నవ్వితే నవ్వనీ."

ఆట మొదలైంది. టోపీలు, శాలువాలు గోడ మీద నడిచొచ్చాయి. "అదిగో మా ఆయన!" "తల దువ్వుకోలేదు చూడు!" అంతలో గోడ మీదికి హెప్సీ వచ్చింది. హాలంతా ఘొల్లున నవ్వింది.

హెప్సీకి సిగ్గుతో మొహం మండిపోయింది. పారిపోదామని సగం లేచింది. గ్యాసు మందగించింది, కడ్డీ ఎర్రబారింది, బొమ్మ మసకేసింది.

"కూర్చోవే! బరువు తగ్గి మంట వెనక్కి సంచిలోకి పాకిందంటే అందరం ఎగిరి పైకప్పుకి అతుక్కుంటాం!" జేబెజ్ గొంతు కీచుమంది.

ఆమెని ఆపింది ఆ మాట కాదు. చీకట్లోంచి జనం కేకలు.

"మా హెప్సీ ఏదయ్యా? ఇప్పుడేగా వచ్చింది!"

"నాకు చెయ్యూపుతోంది! వెలుగు పెంచు!"

హెప్సీ కూర్చుంది. ఉన్న బరువంతా వేసి కూర్చుంది. గోడ మళ్లీ తెల్లబడింది. అక్కడ ఒక లావుపాటి అమ్మాయి, స్నేహితురాలి భుజం మీద ఒక చెయ్యేసి, రెండోది ఊపుతూ, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ వస్తోంది. ఎంత ధీమాగా నడుస్తోందో! ఆ అమ్మాయి గోడ అంచు దాటేదాకా హెప్సీ రెప్ప వెయ్యలేదు.

"మామయ్యా, మళ్లీ మొదట్నుంచి వెయ్యి" అంది.