మళ్లీ లేచే చోటు

హిజ్లీలోని మా కాలేజీ హాస్టల్లో కంప్యూటర్లన్నీ తీగలతో కలిపి తుపాకుల ఆట ఆడుకునే రోజులవి, తొంభైల చివర. ఆట జరిగేది ఎక్కడో అంతరిక్షంలో. నా గురి శుద్ధ దండగ కాబట్టి మిగతావాళ్లు ఆడుకోవడానికి మ్యాపులు, అంటే ఆట జరిగే చోట్లు, కట్టేవాణ్ని. దానికీ ఓ పద్ధతుంది. ఏ దారీ గోడ దగ్గర ఆగిపోకూడదు, చుట్టూ తిరిగి మరో దారిలో కలవాలి. చూపు మరీ దూరం పోతుంటే మధ్యలో పెట్టెలు అడ్డం పెట్టాలి. చచ్చినవాడు మళ్లీ లేచే చోటు మాత్రం శత్రువు కంట పడకూడదు.

ఒక మ్యాపులో ఆ చివరి నియమం కావాలనే తప్పాను. పేరుకది అంగారకుడి మీది కర్మాగారం. నిజానికి అదే ఊళ్లో నాన్న పనిచేసిన రైల్వే షెడ్డు. నిమ్‌పురా క్వార్టర్లలోనే పెరిగినా, ఇంటివాళ్లని షెడ్డులోకి రానిచ్చేది విశ్వకర్మ పూజనాడే. నాన్న తన డ్రిల్లింగ్ మిషనుకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, మాకు ప్రసాదం పెట్టేవాడు. నేను పన్నెండో తరగతిలో ఉండగా ఆ మిషను పక్కనే గుండె ఆగి పడిపోయాడు. మ్యాపులో లేచే చోటు అక్కడే పెట్టాను. నాలుగు వైపుల నుంచీ కనిపించే చోటు.

"అరే, గా జాగ మార్చరా భై! లేవంగనే సస్తున్నం," అన్నాడు పక్క గదిలోని తెలంగాణ మిత్రుడు. మార్చకపోతే హాస్టల్ పోటీలో నా మ్యాపు పెట్టరట. కారణం చెప్పకుండా మొండికేశాను.

చివరికి మెత్తబడి, ఓ ఆదివారం మధ్యాహ్నం పోనీ మార్చేద్దామనుకుని, ముందు ఒక్కసారి ఆ మిత్రుడితో అందులో ఆడుతూ కూర్చున్నాను. అంతలో అమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. తెర వంక చూసి దాన్ని కింద పెట్టడం మరిచిపోయింది.

"ఇది మీ నాన్న షెడ్డు కాదేటి?"

గోడలకు ఎర్రరంగు పూసి, కిటికీలో రెండు చందమామల్ని పెట్టినా గుర్తుపట్టేసింది.

"మనిసేడీ? సేతులే కనపడతన్నాయి."

"మనిసి కనపడడమ్మా. ఆ మనిసి కళ్లతోటే మనం సూస్తన్నాం."

అప్పుడే పక్క గదిలోంచి మిత్రుడు కాల్చాడు. తెర ఎర్రబడి, అందులో మా చూపు నేలకు ఒరిగింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. మీట నొక్కాను. మిషను పక్కన లేచాం.

"లేసినారేటి?" అంది అమ్మ.

ఇక చోటు మార్చలేదు. పోటీలో నా మ్యాపు పెట్టలేదు, ఆ తర్వాత దాన్ని ఎవరూ ఆడలేదు కూడా. ఆదివారాలు ఆ ఖాళీ షెడ్డులో అమ్మా నేనూ తిరిగేవాళ్లం. నాకు భయమేసేది, మానేద్దామనిపించేది. అమ్మ మాత్రం "ఇంకోపాలి సూపించు" అనేది. కాల్చేవాళ్లు లేరు, పడకుండా లేవడం ఆటలో కుదరదు. అందుకని నేనే మ్యాపు చివరి కొలిమిలోకి నడిచేవాణ్ని. ఆ కాసేపూ అమ్మ మొహం గోడవైపు తిప్పుకునేది.

"లేసినారా?" అని అడిగి, నేను ఊఁ అన్నాకే ఇటు తిరిగేది.