ముంతలో సున్నం

పాకాల యేసు గుడి ఉపదేశి ప్రేమానందం కడుపులో మంటకని పదనీళ్లు తాగడం మొదలుపెట్టినాడు. చెట్టుకు కట్టే ముంతకు లోపల సున్నం పూస్తే ఆ తాటినీళ్లు పులవవు. పులిస్తే కల్లు, కల్లు పాపం. అందుకని కల్లుగీసే మునెయ్యకు సున్నం తన చేత్తోనే ఇచ్చేవాడు, పిడికెడు, పైన ఒక చిన్న ప్రార్థన. ప్రపంచ యుద్ధం మొదలైన యేడు అది. మరుసటేడు సున్నానికి నాలిక పొక్కుతా ఉండాదని అర పిడికెడు చేసినాడు. ఆపైన చిటికెడు. ఆపైన మునెయ్య చెయ్యి చాపడం మానేసినాడు, ఈయన ఇవ్వడమూ మానేసినాడు. ఇద్దరూ దాన్ని పదనీళ్లనే అంటా వచ్చినారు. ఇప్పుడు ఉపదేశి గుడిగంట తాడు కోసం రెండుసార్లు తడుముకుంటాడు. వాక్యం చదివేటప్పుడు వేలు పంక్తి మీద నిలవదు. భార్య భారతమ్మ ముందు వరస వదిలేసి వెనక గోడకు చేరింది.

పోయిన ఆదివారం ప్రభువు ప్రార్థన సగంలో మాట మర్చిపోయి నిలబడిపోతే, సంఘమంతా అందించినారు. సోమవారం తెల్లారేసరికి పిడికెడు సున్నంతో తాటిచెట్టు కింద ఉన్నాడు.

"ఈ పొద్దు నుంచి మళ్లీ పుయ్యి మునెయ్యా."

మునెయ్య దించిన ముంతను వాసన చూసినాడు. "దీనికి ఇంక సున్నం పని చెయ్యదు అయ్యా. పులుపు మట్టికే ఎక్కిపోయుండాది. కొత్త ముంత కట్టాల. కట్టమంటారా?"



"రేపు కడుదువులే" అని, ప్రేమానందం ఆ సున్నపు చేత్తోనే ముంతను అందుకున్నాడు.