బండి తలుపుకు అవతల

నా చిన్నప్పుడు రైలు డబ్బాకు సంబంధించినంతవరకు మనుషులు రెండే రకాలు. ఎక్కినవాళ్లు, ఎక్కనివాళ్లు. కింద నిలబడి జర తలుపు తియ్యుండ్రని బతిమాలినవాడే, లోపల కాలు పెట్టగానే గొళ్లెం వేసి, తరువాతి స్టేషన్లో బయటివాళ్లను కసురుకునేవాడు. అందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు. మా బాపుకూ తోచలేదు.

తమ్ముడికి అక్షరాభ్యాసం చేయించడానికి ఆదిలాబాద్ నుంచి బాసరకు బయలుదేరాం. మధ్యలో బండి మారినచోట బాపు ఎంతోమందిని బతిమాలి అవ్వను, మమ్మల్ని లోపలికి నెట్టి, చివరికి తానూ ఎక్కాడు. మాకు అమ్మంటే అవ్వ, నాన్నంటే బాపు. ఎక్కిన వెంటనే ఆయన గొళ్లెం వేసి, ఎవరిదో జొన్నల బస్తాను తలుపుకు అడ్డంగా జరిపి, దాని పక్కనే వీపు ఆనించి నిలబడ్డాడు. తరువాతి స్టేషన్లో బయట నుంచి కొడితే, "సూది వట్టే జాగ లేదు, ముంగటి డబ్బాకు పోండ్రి" అన్నాడు. అప్పటిదాకా బతిమాలిన గొంతులోకి అంత దర్జా ఎప్పుడు వచ్చిందో తెలియదు. లోపలున్నవాళ్లు నవ్వారు. నాకు కూడా మా బాపు పెద్ద ఉద్యోగంలో ఉన్నట్టే అనిపించింది.

ఆ తరువాతి స్టేషన్లో తమ్ముడు నీళ్లకు ఏడుపు అందుకున్నాడు. అవ్వ వాణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టి, మరచెంబు తీసుకుని, డబ్బా అవతలి చివరి తలుపు నుంచి దిగింది. జనం అడ్డంగా ఉండటంతో బాపు చూడలేదు. నేను కిటికీ ఊచలకు ముఖం ఆనించి ఆమె కొంగునే చూస్తూ కూర్చున్నాను. కుళాయి దగ్గర తోపులాట. ఆమె చెంబు ఇంకా నిండనేలేదు, ఇంజను కూత వేసింది.

అవ్వ పరుగెత్తింది. దిగిన తలుపుకు అప్పటికే మనుషులు గబ్బిలాల్లా వేలాడుతున్నారు. ఒక్క క్షణం ఆగి మా తలుపు వైపు మళ్లింది. అక్కడ బాపు ఉన్నాడని ఆమెకు తెలుసు. ఆ ధైర్యంతోనే వచ్చింది.

తలుపు దబదబ మోగింది. బాపు వెనక్కి కూడా తిరగలేదు. జాగ లేదు, ముంగటికి పోండ్రి అన్నాడు.

నేను అరిచానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నోరు తెరిచిన గుర్తుంది, గొంతు వచ్చిన గుర్తు లేదు. బండి ఒక్కసారి కుదిపి కదిలింది. అవ్వ ఒక చేత చెంబు పట్టుకునే, ఇంకో చేత తలుపు పక్కనున్న ఇనుప కడ్డీని పట్టుకుని పక్కనే నడుస్తోంది. నడక పరుగైంది. చక్రాలు ఆమె కాళ్లకు ఎంత దగ్గరగా ఉన్నాయో నాకు కిటికీలోంచి కనిపిస్తోంది. తమ్ముణ్ణి ఒళ్లోంచి దించితే జనం తొక్కేస్తారు, దించకపోతే బాపు దగ్గరికి పోలేను.

మేం ఎక్కినప్పటి నుంచీ తలుపు దగ్గర తన మూట మీద కూర్చున్న ఒక పెద్దమ్మ నా ముఖం చూసింది. ముక్కుకు పెద్ద నత్తు, మరాఠీ కట్టు చీర. నన్ను ఏమీ అడగలేదు. లేచి, బస్తాను కాలితో పక్కకు తన్ని, బాపును భుజంతో నెట్టి గొళ్లెం తీసింది. వంగి అవ్వ రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

ఎవరు వచ్చారో అప్పుడు చూశాడు బాపు. ముఖం పాలిపోయింది. కానీ చేతికి అలవాటు ముందు. అవ్వ లోపల పడగానే ఆ చేయి తలుపు వేయబోయింది. పెద్దమ్మ తలుపుకు వీపు అడ్డం పెట్టింది.

"ఆగు తమ్మీ. ఎనుక ఇంకా మనుషులున్నరు."

"జాగ ఏడుంది పెద్దమ్మా?" అన్నాడు బాపు.

"నీ పెండ్లానికి దొరికింది గద. గట్లనే వాళ్లకు గూడ దొరుకుతది."

వెనకాల పరుగెత్తుతున్న ముసలాయన, ఆయన మనవరాలు కూడా ఎక్కేదాకా ఆమె తలుపు వదలలేదు. బండి వేగం అందుకున్నాకే వేసింది. నిజంగానే జాగ దొరికింది. ఎలా దొరికిందో ఎవరూ చెప్పలేరు.

అవ్వ వేళ్లకు కడ్డీ ఒరుసుకుని తోలు లేచింది. చెంబులో నీళ్లు సగమే మిగిలాయి, అవి తమ్ముడికి పట్టించింది. ఆ తరువాత వచ్చిన ప్రతి స్టేషన్లో బాపే గొళ్లెం తీసి, తలుపు పట్టుకుని, ఎక్కేవాళ్లకు చేయి అందించాడు. "ఏందే అన్నా, ఇప్పుడు జాగ పుట్టిందా" అని ఎవరో ఎగతాళి చేశారు. ఆయన తల ఎత్తలేదు.

ఇప్పుడు కరీంనగర్లో మా కొడుకు వాళ్లుండే చోట లిఫ్టు ఉంది. దాని తలుపులు దగ్గరికి వస్తుంటే నా చెయ్యి దానంతట అదే మధ్యలోకి పోతుంది. ఎవలూ వస్తలేరు నానమ్మా అని మనవరాలు విసుక్కుంటుంది. నిజమే, చాలాసార్లు ఎవరూ ఉండరు. మర్యాద కోసమని అందరూ అనుకుంటారు, నేనూ కాదనను. కానీ లోపలున్నవాడికి బయట ఎవరున్నారో కనిపించదని ఆ రోజు రైలు కిటికీలోంచి చూశాను. ఆ భయం ఇంకా పోలేదు. పోకపోవడమే మంచిదనిపిస్తుంది.