సారుకు అందించిన లైన్లు

ఇవాళ బడి నుంచి వచ్చి నా బిడ్డ నవ్వుతూ చెప్పింది: "అమ్మా, మా టీచర్ ఒక్కటే పాఠం రెండుసార్లు చెప్పింది!" నాకు నవ్వు రాలేదు. పిల్ల నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నాను.

తాండూరులో ఇంటర్ రెండో ఏడు చదివేటప్పుడు మా ఎంపీసీలో పదకొండు మందిమి. లెక్కలకు ఒక్కరే సారు, రోజూ వికారాబాద్ నుంచి రైలులో వచ్చేవారు. ఆయనకు ముందు ఆ పోస్టు చాలాకాలం ఖాళీగా ఉందని, సీనియర్లు గైడ్లు బట్టీపట్టి ఫెయిలయ్యారని విన్నాం. ఈయన చెప్తుంటే ఇంటిగ్రేషన్ కూడా కథలా ఎక్కేది. జవాబు చివర తప్పక రాయాల్సిన ప్లస్ సి వదిలేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. మాలో సగం మంది కరణ్‌కోట బస్సులో వచ్చేవాళ్లం. "గా ప్లస్ సి ఏది? బస్సుల మర్చిపోయి దిగినవా?" అనేవారు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు ఆయనే మరిచిపోయారు. "మీ సి ఏ రైల్ల పోయింది సార్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. బోర్డు వైపు చాలాసేపు చూశారు.

తర్వాతి వారం, ముందురోజు చేసిన లెక్కే మళ్లీ చేశారు. ఇంకొన్నాళ్లకు లెక్క మధ్యలో ఆగి, చేతిలోని సుద్దముక్కను అదేమిటో అన్నట్టు చూడసాగారు. మొదటి బెంచీలో నుంచి నేను తర్వాతి లైను మెల్లగా అందించేదాన్ని. ఆయన రాసేవారు. అప్పటికి ఎవరూ నవ్వడం లేదు.

"ప్రిన్సిపల్ సార్‌కు చెప్దామా?" అంది నా పక్కన కూర్చునే అమ్మాయి.

"చెప్తే ఇంటికి పంపిస్తరు. మల్ల మనకెవరొస్తరే? పరీక్షలు అయిపోనియ్," అన్నాను.

"సార్‌కు ఏమన్న అయితే?"

"జర మతిమరుపే గదనే. ఏం గాదు."

ఫిబ్రవరిలో ఆయన భార్య కాలేజీకి వచ్చారు. స్టాఫ్ రూముకు పోకుండా నేరుగా మా దగ్గరికే వచ్చి, "సారు క్లాసుల మంచిగనే చెప్తున్నరా బిడ్డా? ఇంట్ల ఏదో తేడా కొడ్తున్నది," అన్నారు. అందరూ నా వైపు చూశారు.

"మంచిగనే చెప్తున్నరు మేడమ్," అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. అది చూసి నాకు భయమేసింది.

నాలుగు రోజుల తర్వాత సారు తాండూరులో రైలు దిగలేదు. మర్నాడు మధ్యాహ్నం కర్ణాటకలో, సేడం దాటాక ఒక చిన్న స్టేషన్‌లో చెప్పులు లేకుండా దొరికారు. మళ్లీ కాలేజీకి రాలేదు. అప్పటికే సిలబస్ అయిపోయింది. పదకొండు మందిమీ పాసయ్యాం.

మెమో చూపిద్దామని వికారాబాద్‌లో వాళ్లింటికి వెళ్లాను. తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. ఆమె గడప ముందు కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు. మెమో మాత్రం చేతిలోకి తీసుకోలేదు.

"గిది ఎప్పటి సంది అని డాక్టరు అడుగుతుండు. నాకు ఎర్క లేదు. నీకు ఎర్కేనా?"

"దసరా సంది," అన్నాను.

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లోపలి నుంచి సారు తలుపు కొడుతున్నారు.