పరీక్ష సీసాలు

మా సీసాల ఫ్యాక్టరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మేనేజరు మొదలుకొని గేటు దగ్గర కాపలావాడి దాకా అందరికీ ఆయన డేగకన్నే. నాకు మాత్రం అన్నయ్య. తోడబుట్టినవాడు కాదు, పక్కింటివాడు. ఫ్యాక్టరీవాళ్లు కట్టించిన ఇళ్ల వరసలో వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అది ఎంత పల్చనిదంటే, అటువైపు ఆయనకి పొలమారితే ఇటువైపు నేను మంచినీళ్లు ముంచేదాన్ని.

ఆయన చేసే పనేమిటో ముందు చెప్పాలి. కొలిమిలో తయారై చల్లారిన దగ్గుమందు సీసాలు బెల్టు మీద బారులు తీరి వస్తాయి. బెల్టు వెనక తెల్లటి దీపపు పలక, ముందు స్టూళ్లు. స్టూలు మీద కూర్చున్న మనిషి రెప్ప వాల్చకుండా ఆ సీసాలను చూస్తూ ఉండాలి. మూతి దగ్గర పగులు, గాజులో బుడగ, అడుగున ఇసుక రేణువు, ఏది కనబడినా ఆ సీసాని లాగి కింద డబ్బాలో పడేయాలి. అన్నిటికంటే ప్రమాదమైనదాన్ని మేము ఉయ్యాల అంటాం. సీసా లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా సాగిన గాజు పోగు అది. మందు పోశాక విరిగి మందులో కలుస్తుంది, తాగినవాళ్ల గొంతులోకి పోతుంది. కళ్లు అలిసి మోసం చేస్తాయని అరగంటకోసారి స్టూలు మీద మనిషి మారాలి. అన్నయ్య మాత్రం పక్కవాడి వంతు కూడా తనే చూసేవాడు. సిగరెట్టుకి బయటికి పోయేవాళ్లందరికీ ఆయన దేవుడు.

బెల్టు చివర అట్టపెట్టెల్లో సీసాలు సర్దే పని నాది. ఆయన వదిలిన సీసాని నేను మళ్లీ చూసే అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇంటికొచ్చినా ఆ కళ్లు ఊరుకునేవి కావు. నేను నీళ్లిస్తే గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసిగానీ తాగేవాడు కాదు. "ఈయనతో కాపురమంటే రోజూ దీపం ముందు నిలబడ్డట్టే వదినా" అని వాళ్లావిడ బతికున్నప్పుడు నాతో అనేది. ఆ మహాతల్లి ముందే వెళ్లిపోయింది. ఒక్క ఆడపిల్లని ఆయనే తలదువ్వి, జడేసి పెంచాడు. వంకర పాపిడి తీసి ఒక్కరోజు కూడా బడికి పంపలేదు.

ఆ పిల్ల పెద్దదై, రైలెక్కి వెళ్లాల్సినంత దూరంలో ఉన్న ఊళ్లో కట్టుడు పళ్లు తయారుచేసే కోర్సులో చేరింది. సెలవులకి వచ్చినప్పుడు మైనంతో చెక్కిన పన్ను ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. "ఇది ఎవరిదో చెప్పు అత్తా" అంది. నేను చటుక్కున నా నోరు తడుముకున్నాను. కడుపు పట్టుకుని నవ్వింది. వాళ్ల టీచరమ్మ ఆ పిల్ల చేతిని మెచ్చుకుని, చదువు అయిపోగానే తన దగ్గరే పనిలో పెట్టుకుంటానందట. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల మొహం వెలిగిపోయింది.

అన్నయ్యకి అది రుచించలేదు.

"పళ్లు మనిషికి ఒక్కసారే ఊడతాయి చెల్లెమ్మా. సీసాలు రోజూ కావాలి" అన్నాడు నాతో.

మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. రిటైరైనవాడికి గోడ గడియారం చేతిలో పెట్టి పంపేస్తారు. అదే పనిలో ఉండగా చచ్చిపోయినా, ఒంట్లో చెడి పనికిరాకుండా పోయినా, ఆ స్టూలు పిల్లలకి ఇస్తారు, పర్మనెంటుగా. అందుకే మా వరసలో పెద్దవాళ్లకి జబ్బు చేస్తే, ఏడవాలో సంబరపడాలో తెలియక పిల్లలు గుమ్మంలో నిలబడేవాళ్లు. ఆ పద్ధతిని త్వరలో తీసేస్తారని అప్పట్లో ఒక పుకారు లేచింది. అన్నయ్యకి రిటైర్మెంటు దగ్గరపడింది. చావడానికి మనసొప్పలేదు కాబట్టి రెండో దారి పట్టాడు.

మా క్వాలిటీ ఆఫీసువాళ్లు కొన్ని చెడ్డ సీసాలను కావాలనే బెల్టు మీద కలిపేవాళ్లు. వాటిని పరీక్ష సీసాలంటారు. అడుగున మనిషి కంటికి ఆనని గుర్తు ఉంటుంది. స్టూలు మీద మనిషి వాటిని పట్టుకోకుండా వదిలేస్తే, బెల్టు చివర నా పక్కనున్న మిషను ఆ గుర్తుని పసిగట్టి, కూతపెట్టి పక్కకి తోసేస్తుంది. వదిలింది ఎవరో కూడా లెక్క పెట్టుకుంటుంది. అవే సీసాలను తిప్పి తిప్పి వాడడంతో వాటి భుజాల మీద సన్నటి గీతలు పడ్డాయి. మాకెవరికీ అవి తెలిసేవి కావు. అన్నయ్య మాత్రం దూరం నుంచే పోల్చుకునేవాడు, బడి నుంచి గుంపుగా వచ్చే పిల్లల్లో మన పిల్లని నడక చూసి పోల్చుకున్నట్టు.

ఒక రోజు కుళాయి దగ్గర నన్ను ఆపాడు.

"రేపట్నుంచి నీ పక్క మిషను బాగా కూస్తుంది. కంగారుపడకు."

"ఏం, దానికేమైంది?"

"దానికేం కాలేదు, నాకే. నా కళ్లు పోతున్నాయి." చెప్పి నవ్వాడు. "పరీక్ష సీసాలు మాత్రమే వదుల్తాను చెల్లెమ్మా. అసలు సీసాల్లో ఒక్క చెడ్డది కూడా పోదు. ఎవరికీ హాని లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "చూస్తూ చూస్తూ గుడ్డివాడివవుతావా? పిల్ల చదువు ఏం కావాలి?"

"రాసేది కాగితం మీదే కదా. కళ్లు నాతోనే ఉంటాయి. దానికి జన్మంతా ఢోకా లేని కూడు దొరుకుతుంది. ఒట్టు, ఎవరికీ చెప్పకు."

నిద్రపోయేవాడిని లేపగలం గానీ నిద్ర నటించేవాడిని ఎవరు లేపగలరు? నేను ఎన్ని అన్నా ఆయన చెవికెక్కలేదు.

ఆ మర్నాటి నుంచి మిషను కూస్తూనే ఉంది. ఆయన వేషం కూడా పదునెక్కింది. చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకునేవాడు. మెట్టు దగ్గర తడబడేవాడు. తలుపుకి ఎంత గట్టిగా కొట్టుకున్నాడంటే నుదురు నిజంగానే చిట్లింది. చివరికి కంపెనీ డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు కంట్లో దీపం వేసి ఎంత వెతికినా జబ్బు కనబడలేదు. తనకి తెలియలేదని ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? పరీక్ష సీసాల లెక్క ఎదురుగా ఉంది కాబట్టి, లోపల నరం ఎండిపోతోందని, మందు లేదని తేల్చేశాడు. అన్నయ్య పనికిరాని మనిషయ్యాడు.

కబురు విని పిల్ల పరుగెత్తుకొచ్చింది. మైనం చెక్కే పనిముట్ల పెట్టె కూడా వెంట తెచ్చుకుంది. వేరే డాక్టరుకి చూపిద్దాం, ఆపరేషను చేయిద్దాం అని ఏడ్చింది. ఆయన గాల్లో చేతులు చాచి కూతురి తల వెతుక్కున్నాడు. "నువ్వు ఆ స్టూలెక్కితే అదే నాకు చూపు తల్లీ" అన్నాడు. గుమ్మంలో నిలబడి చూసిన నాకు కంపరం పుట్టింది. పిల్ల పెట్టెని అటక మీద పెట్టి, మర్నాడు తండ్రి స్టూలెక్కింది.

ఆ కొద్ది రోజులూ ఆయన మహారాజే. నల్లద్దాలు పెట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని, పనికి పోయే కూతురి నడకని తృప్తిగా చూసుకునేవాడు.

తర్వాత ఒక పొద్దున మేనేజరు బెల్టు ఆపించి మమ్మల్నందరినీ పిలిచాడు. పక్కన కెమెరాల కంపెనీ ఏజెంటు ఉన్నాడు. ఆ ఏజెంటు ఎప్పట్నుంచో తిరుగుతున్నవాడే. ఇంతకుముందు మేనేజరు అతని కెమెరాని అన్నయ్య పక్కన పెట్టించి పందెం వేశాడు. కెమెరా ఓడిపోయింది. "నా మనిషి ఉన్నంతకాలం నీ డబ్బా నాకొద్దు" అని నవ్వి పంపించేశాడు.

ఇప్పుడు మేనేజరు నవ్వలేదు. "డేగకన్ను లాంటి మనిషికే నెలల తరబడి చూపు పోతుంటే, మిషను కూస్తున్నా మనం నమ్మలేదు. ఇవి మందు సీసాలు. ఏ పసివాడి ప్రాణమో పోతే జవాబు ఎవరు చెప్తారు? ఇక మనిషి కంటిని నమ్మి నేను ఫ్యాక్టరీ నడపలేను" అన్నాడు. పాపం, కోపంతో అన్న మాట కాదు. గొంతులో నిజమైన బాధ ఉంది.

ఆ నెల తిరిగేలోపు స్టూళ్లన్నీ ఎత్తేశారు. ఆఖరున చేరింది కాబట్టి అందరికంటే ముందు పిల్లనే పంపారు. అట్టపెట్టెలు సర్దే పని కాంట్రాక్టరుకి అప్పగించారు. నేను అదే చోట, అదే పని చేస్తున్నాను, కాకపోతే ఇప్పుడు వేరేవాడి మనిషిని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఏమిటో మా వరసంతా చూసింది. ఆ మందు ఎవరేశారో తెలిసింది మా ఇద్దరికే.

పని పోయినవాళ్లు ఆయన్ని పలకరించడానికి వచ్చారు. తిట్టడానికి కాదు, ఓదార్చడానికి. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చారు. "మీ కళ్లు బాగుంటే మాకీ గతి పట్టేది కాదు డేగన్నా" అన్నాడొకడు. నల్లద్దాల వెనక అన్నయ్య మొహం అటూ ఇటూ తిప్పకుండా కూర్చున్నాడు. నాకు ఆయన్ని లాగి చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణమే జాలేసింది. ఒట్టు వేయించుకున్నాడని కాదు, చెబితే ఆ పిల్ల ఈ వీధిలో తలెత్తుకోలేదని నోరు మూసుకున్నాను.

కొన్నాళ్లకి కాలేజీ టీచరమ్మ ఫోను చేసింది. ఒక సీటు ఖాళీ అయిందట, సోమవారంలోగా వచ్చి చేరమంది. గోడవతల పిల్ల గొంతు వినబడింది. "రావాలనే ఉంది మేడమ్. కానీ నాన్నకి చూపు లేదు. ఎవరు చూసుకుంటారు?"

పిల్ల కూరగాయలకి వెళ్లగానే నేను వాళ్లింట్లో దూరాను. ఆయన నల్లద్దాలు తీసి కిటికీలోంచి వీధి చూస్తున్నాడు.

"ఈరోజే చెప్పు అన్నయ్యా. వెళ్లనీ దాన్ని."

"నువ్వు చూసుకుంటావని చెప్పి పంపించెయ్యి చెల్లెమ్మా."

"అదీ అయింది. ఒప్పుకోలేదు. నిజం చెప్తే తప్ప కదలదు."

"కళ్లున్నాయని చెప్తే సరిపోదుగా. ఎందుకు లేవన్నానో చెప్పాలి. అందరి కూడూ ఎందుకు పోయిందో చెప్పాలి."

"చెప్పు. తిడుతుంది. తిట్టి రైలెక్కుతుంది. మనకి కావలసింది అదే కదా."

"తిడితే పడతాను. ఆ తర్వాత జన్మలో నా మొహం చూడదు. నాకున్నది అదొక్కత్తే" అన్నాడు. వీధి చివర పిల్ల కనబడగానే అద్దాలు పెట్టేసుకున్నాడు. సోమవారం వచ్చింది, పోయింది.

ఇప్పుడు ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఫోనులో పని చేస్తోంది. కెమెరాకి అనుమానం వచ్చిన సీసాల ఫొటోలు ఏ దేశానికో పోయి, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి చేరి, చివరికి ఇలాంటి పిల్లల ఫోన్లలోకి వస్తాయి. మంచిదైతే ఒక మీట, చెడ్డదైతే ఒక మీట నొక్కాలి. మధ్యలో పరీక్ష ఫొటోలూ కలుపుతారు, వాటికి తప్పు నొక్కితే మార్కులు పోతాయి, మార్కులు పోతే పని ఆగిపోతుంది. మన సీసాలేనో, ఇంకెవరివో, దానికి తెలియదు.

మొన్న మధ్యాహ్నం పని లేని రోజని వాళ్లింటికి వెళ్లాను. పిల్ల నేల మీద కూర్చుని ఫోను చూస్తోంది. ఆయన వెనక కుర్చీలో ఉన్నాడు. ఫోనులో ఒక సీసా వచ్చింది. నాకూ ఏమీ కనబడలేదు, పిల్లకీ కనబడలేదు, మంచిదని నొక్కింది. అన్నయ్య చెయ్యి ఒక్కసారిగా ముందుకి లేచింది. మూడు వేళ్లు గాలిలోంచి దేన్నో లాగినట్టు ముడుచుకున్నాయి. ఫోను చిన్నగా మొరిగినట్టు చప్పుడు చేసింది. మార్కు పోయింది.

పిల్ల వెనక్కి తిరిగింది. "ఏంటి నాన్నా?"

"దోమమ్మా" అని ఆయన చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"సరే, అన్నం పెడతాను, జరుగు." చిన్న బల్ల తెచ్చి ఆయన ముందు వేసింది. కంచం పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని అంచుకి తాకించింది. "ఇదిగో కంచం. కుడివైపు నీళ్లున్నాయి. వేడిగా ఉంది, మెల్లగా తిను నాన్నా."

గొంతు పసిపిల్లకి గోరుముద్దలు తినిపించే తల్లి గొంతులా ఉంది. నేను ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను కాబట్టి పిల్ల మొహం నాకు సూటిగా కనబడుతోంది. ఆ మొహానికీ ఆ గొంతుకీ సంబంధం లేదు. తండ్రికి చూపు లేదన్న ధైర్యంతో మొహాన్ని దాచుకోవడం మానేసి చాలా కాలమైనట్టుంది. ఉన్న అసహ్యమంతా కళ్లల్లోనే ఉంది.

నా వైపు తలెత్తి, శబ్దం లేకుండా పెదవులు మాత్రం కదిపింది. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, నాకు స్పష్టంగా అర్థమయ్యేలా.

"ఎప్పుడు పోతాడు అత్తా?"

ఆయన తల కూతురి మొహం వైపే ఉంది. నేను కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడైనా అద్దాలు తీసి నేలకేసి కొడతాడనుకున్నాను.

ఆయన ఎడమ చెయ్యి చాచి, బల్ల మీద ఏమీ లేని చోట తడుముకున్నాడు. "నీళ్లు ఎటువైపన్నావు తల్లీ?"

"కుడివైపు నాన్నా" అంది పిల్ల, గ్లాసు తీసి ఆయన చేతిలో పెడుతూ.