రోజు విడిచి రోజు మాత్ర

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ పిల్లలకి జువాలజీ చెప్పే రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. మా ఇంటి యజమానురాలికి మాత్రం నా కోపం చూస్తే నవ్వొచ్చేది. ఎల్‌బీ నగర్ వెనక, ఇప్పుడు మేడలున్న చోటే ఒకప్పుడు వంకాయ తోట వేసిన మనిషి ఆవిడ. గుంటూరు నుంచి వచ్చి కింది వాటాలో అద్దెకున్న నన్ను "బిడ్డా" అనేది. నేను పిన్నిగారూ అనేదాన్ని.

ఆవిడకి రక్త క్యాన్సర్. రోజూ మాత్ర వేసుకుంటే అదుపులో ఉండే రకం. నెలకోసారి నగరం అవతల ఉన్న ఆసుపత్రికి స్కూటీ మీద వెళ్లి ఆ మాత్రలు తెచ్చే పని నాది. మూడేళ్లు ఏ గొడవా లేదు. అప్పుడే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. ఆవిడ హైవే మీద వంటావార్పుకి వెళ్లి, నట్టనడి రోడ్డు మీద వండిన అన్నం తిని వచ్చేది. "మీ ఆంధ్రోళ్లకు ఓ ముద్ద తేవాల్నా?" అని నన్ను ఏడిపించేది. రోడ్లు ఆపేసి సమ్మె చేసిన ఆ రోజుల్లో మాత్రలు తెస్తానంటే "ఇంక ఉన్నయి తియ్" అంది. నేను నమ్మాను.

సమ్మె అయ్యాక చేసిన రక్తపరీక్షలో తెల్లకణాలు మళ్లీ పెరిగాయి. ఇంటికొచ్చి నిలదీస్తే, రోజు విడిచి రోజు వేసుకున్నానని ఒప్పుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"రోడ్డు మీద కూర్చోవడం గుర్తుంటుంది గానీ మాత్ర గుర్తుండదా?" అని అరిచాను. ఆవిడ డబ్బా తెరిచి ఆ రోజు మాత్ర వేసుకుంది.

డాక్టరు ఇంకో పరీక్ష చేయించి, క్యాన్సర్ కణాల్లో కొత్త మార్పు వచ్చిందన్నాడు. అది నాకు కొట్టిన పిండి. కణం చీలిన ప్రతిసారీ జన్యువుల్లో ఏదో ఒక చిన్న మార్పు రావచ్చు. చాలావాటి వల్ల ఏమీ కాదు. కానీ అవి పోగుపడుతూ పోతాయి. ఎప్పుడో ఒక మార్పు వల్ల ఆ కణం మాత్రకి లొంగకుండా పోతుంది. మిగతావి చచ్చినా అది బతికి సంతానాన్ని పెంచుకుంటుంది. ఇదంతా ఆవిడకి క్లాసులో చెప్పినట్టు మొదలుపెట్టాను.

"గంతేనా? వంకాయ పురుగు గూడ గిట్లనే. ఒక్కటే మందు కొడ్తుంటే అన్నీ సచ్చి ఒకటో రెండో మిగిలేటివి. మరుసటేడు తోటంత వాటి పిల్లలే. మేం మందు మార్చేటోళ్లం."

నా క్లాసులో ర్యాంకులు కొట్టే పిల్లలు కూడా ఇంత తొందరగా అందుకోలేదు.

మాత్రలు మానినందుకే ఇట్లయిందా అని ఆవిడ డాక్టర్ని అడిగింది. "కచ్చితంగా చెప్పలేం. రోజూ వేసుకున్నవాళ్లకీ వస్తుంది. దీనికి పనిచేసే వేరే మాత్ర ఉంది" అన్నాడాయన. ఆ మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకి కణాలు మామూలు స్థాయికి దిగాయి. రిపోర్టు పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేశాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

అయినా నా నోరు ఊరుకోదు కదా. "ఇక బంద్ ఉన్నా సరే, ఒక్క రోజు కూడా మానడానికి వీల్లేదు" అన్నాను.

"గప్పుడు రోడ్లన్ని ఆపిన్రు. నువ్వు నోరు తెరిస్తే ఆంధ్రామెవని తెలుస్తది. ఎవడన్న నిన్నో మాటంటే ఎట్ల? అందుకే ఉన్నయే జర ఎక్కువ రోజులు వాడుకున్న" అంది, చీర కొంగుతో నా మొహం తుడుస్తూ.

నేనెంత మాటన్నానో అప్పుడు తెలిసొచ్చింది.

మళ్లీ మాత్రలు తేవాల్సిన రోజునే బంద్ వచ్చింది. ఈసారి నేను వద్దంటున్నా వినకుండా ఆవిడ స్కూటీ వెనక ఎక్కింది. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో కుర్రాళ్లు ఆపారు.

"దవాఖానకు పోతున్నం. ఇది నా బిడ్డ" అంది.

"అవునండీ" అన్నాను నేను, ఉండబట్టలేక.

వాళ్లలో ఒకడు నవ్వాడు. "నీ బిడ్డ మాట గిట్లుందేంది, పెద్దమ్మా?"

"నా దగ్గరికి జర ఆలస్యంగ ఒచ్చింది. తొవ్వ ఇడువు" అంది ఆవిడ.