దివాణంవారి నాలుగున్నర కిలోల ల్యాప్‌టాప్

ఉద్యోగం, ఉంటున్న ఇల్లు, వంశగౌరవం. ఈ మూడింటినీ ఒకే రోజు, అదీ మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య పోగొట్టుకోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అందుకు నాకు శత్రువులెవరూ అవసరం కాలేదు. ఒక ల్యాప్‌టాప్, నా ఉంగరపు వేలు సరిపోయాయి.

ముందు వంశం సంగతి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను, మా వాళ్ళెవరూ ఉండలేరు. మాది దివాణం. మా తాతగారి హయాంలో ఇంటి ముందు ఏనుగు ఉండేది. నాన్నగారి హయాంలో ఆ ఏనుగు మెడలో గంట ఉండేది. నా హయాంలో ఆ గంట గురించిన కథ ఉంది. అయినా వెన్ను మాత్రం మూడు తరాలుగా వంగలేదు. నాన్నగారి చెప్పు ఒకసారి కాలువలో పడితే, వంగి తీసుకోవడం ఇష్టంలేక రెండోదాన్ని కూడా అందులోకే తన్నేసి దర్జాగా ఇంటికి నడిచి వచ్చారు. నేను ఆయన కొడుకుని.

ఆ కొడుకు సింగపూరులో, టాంపినీస్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుంటూ, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక కంపెనీలో కట్టబోయే భవనాల బొమ్మలు కంప్యూటర్‌లో గీసేవాడు. ఒకరోజు కంపెనీ మా విభాగాన్ని ఎత్తేసింది. ఇక్కడ ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకుని విమానం ఎక్కాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా వెనక్కి తీసేసుకున్నారు. దేవుడి దయవల్ల జురాంగ్ ఈస్ట్‌లో మరో సంస్థ నుంచి పిలుపొచ్చింది. గురువారం మూడు గంటలకు వీడియోలో ఇంటర్వ్యూ. నేను తయారుచేసిన భవనం నమూనాను నా సొంత యంత్రంలో నడిపించి, వాళ్ళను అందులో తిప్పి చూపించాలి. అంతటి నమూనాను మామూలు ల్యాప్‌టాప్ మోయలేదు. బల్ల మీద పెట్టే పెద్ద కంప్యూటర్‌కు దీటైనది కావాలి.

"ఇక్కడి మాల్‌లోనే దొరుకుతుందిగా?" అంది నా భార్య వసుధ. ఆమె తండ్రి లెక్కల మాస్టారు. అందువల్ల ఆమెకు ప్రతిదానికీ దగ్గరి దారి తెలుస్తుంది. అది ఆ వంశంలో ఉన్న లోపం.

మాల్‌కి వెళ్ళాను. అక్కడి అమ్మకాల కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "గేమింగ్ ల్యాప్‌టాప్ ఆ, అంకుల్? మీ అబ్బాయికా?" అన్నాడు. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. ఆ దుకాణం గుమ్మం దాటి వచ్చాక మళ్ళీ అటు చూడలేదు. అదే రోజు అమెరికాకు ఆర్డరు పెట్టాను.

మంగళవారం పెట్టె వచ్చింది. తెచ్చినవాడు దాన్ని గుమ్మంలో దించి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ నాలుగున్నర కిలోలు. దాని చార్జరు ఇంకో కిలో, అచ్చంగా ఇటుక. బల్ల మీద పెడితే బల్ల "హుఁ" అంది. ఒళ్ళో పెట్టుకునే యంత్రం అన్న పేరు దీనికి ఎవరు పెట్టారో గానీ, ఒళ్ళో పెట్టుకుంటే మళ్ళీ లేవడానికి మనిషి సాయం కావాలి.

ఎదురింటి రిజ్వాన్ తలుపులోంచి తొంగి చూశాడు. హైదరాబాదు మనిషి, బ్యాంకులో పని. నన్ను జమీందార్ సాబ్ అంటాడు. అందులో ఎంత గౌరవం ఉందో, ఎంత వేళాకోళం ఉందో నాకు నేటికీ తేలలేదు.

"ఏం జమీందార్ సాబ్, ఫ్రిజ్ తెచ్చినవా?"

"ల్యాప్‌టాప్."

"అరె బాప్‌రే! దీన్ని మోసుకుని ట్రైన్ ఎక్కితే రెండు టికెట్లు అడుగుతరు." వంగి ఇటుకను చూశాడు. "ప్లగ్గు అమెరికాది సాబ్. మన గోడకు పోదు. మా ఇంట్ల అడాప్టర్ ఉంది, తెస్త."

"అక్కర్లేదు. దివాణంలో పక్కింటి వస్తువులు వాడే అలవాటు లేదు."

"ఎదురింటివి వాడతరు గదా?" అని వెళ్ళి తెచ్చి ఇచ్చాడు. తర్కానికి లొంగి తీసుకున్నాను.

ఇప్పుడు అసలు తప్పు మొదలవుతుంది, జాగ్రత్తగా వినండి. మంగళవారం వచ్చిన యంత్రాన్ని ఎవరైనా మంగళవారమే తెరిచి, అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటారు. మేం అలా చూసుకోం. ఒకప్పుడు దసరాకు కత్తులకూ పల్లకీకీ ఏనుగుకూ పూజ చేసి, ఇంటి యజమాని స్వయంగా బొట్టు పెట్టాకే వాటిని కదిలించేవారట. కత్తులు పోయాయి, పల్లకీ పోయింది, ఏనుగు సంగతి చెప్పాను. యజమాని మాత్రం మిగిలాడు. బొట్టు పెట్టడానికి అతనికి ఏదో ఒకటి కావాలి కదా?

మా పురోహితుడికి ఫోన్ చేశాను. "గురువారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు. దివ్యమైన ముహూర్తం బాబూ" అన్నారు.

"మన టైమా, ఇక్కడి టైమా?"

"సూర్యుడు మనవాడే కదా బాబూ."

అంటే, రెండున్నర గంటలు ముందుండే ఇక్కడ, పదకొండు నలభై. మూడింటికి ఇంటర్వ్యూ. వసుధ వేళ్ళమీద లెక్కేసింది.

"మూడు గంటల ఇరవై నిమిషాలు. అందులో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, నమూనా ఎక్కించాలి, అన్నీ సరిచూసుకోవాలి. ఈలోపు ఒక్కసారి ఆన్ చేసి చూస్తే ఏం పోతుందండీ?"

"ముహూర్తం పోతుంది."

"ఇంటర్వ్యూ పోతే?"

"దివాణంవారు తొందరపడరు, వసుధా."

గురువారం పదకొండు నలభైకి కొబ్బరికాయ కొట్టాను. యంత్రం మూత తెరిచాను. బొట్టు ఎక్కడ పెట్టాలన్న సందేహమే రాలేదు. పైన విశాలమైన నల్లటి నుదురు, ఆ నుదుటికి సరిగ్గా మధ్యలో ఆవగింజంత చుక్క. నాలాంటివాళ్ళ కోసం కంపెనీవాళ్ళే ముందుగా గుర్తుపెట్టి పంపారనిపించింది. వాళ్ళ సంస్కారానికి ముచ్చటేసింది. గంధం చిక్కగా తీసి, ఆ చుక్క మీద ఒత్తి పెట్టి, దానిమీద కుంకుమ అద్దాను. ఏనుగుకు పెట్టినా అంత బాగా కుదిరి ఉండదు.

మీరు నవ్వుతున్నారు. మీకు తెలిసిపోయింది. నాకు తెలియలేదు. నా పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌కి కెమెరా తెర కింది అంచులో ఉండేది. దీనికీ అదే చోట గుండ్రటి వెండి ముద్ర ఒకటి తళతళలాడుతోంది. అది కంపెనీ గుర్తు అనీ, దానికి చూపు లేదనీ నాకెవరు చెప్పాలి?

యంత్రం మేలుకుంది. దాని గాలిపంకాలు విమానం లేచినట్టు మోగాయి. ముఖం చూసి తలుపు తీసే ఏర్పాటు ఉందట, ముఖం చూపించమంది. వెండి ముద్రకు నా ముఖం ఠీవిగా చూపించాను.

"మీ ముఖం కనబడటం లేదు" అంది తెర.

మీసం దువ్వి చూపించాను. కళ్ళజోడు తీసి చూపించాను. చివరికి తాతగారి ఫొటోలో ఉన్నట్టు పక్కకు తిరిగి కూర్చున్నాను. అదే జవాబు. మూడు తరాల్లో మా ముఖం కనబడలేదనే ధైర్యం ఏ యంత్రమూ చేయలేదు! ఎలాగో అంకెలు కొట్టి లోపలికి వెళ్ళి, నమూనా ఎక్కించాను. అది మాత్రం వెన్నలా నడిచింది. కెమెరా తెరిచి చూస్తే చీకటి. ముదురు ఎరుపు చీకటి.

ఒకటిన్నరకు, దాన్ని అమ్మిన కంపెనీవాళ్ళ సహాయ విభాగాన్ని పట్టుకున్నాను. జెస్సికా అనే అమ్మాయి తెర మీద జవాబులు రాస్తోంది.

"నమస్కారం. మొదటి మెట్టు: మెత్తటి గుడ్డతో కెమెరా అద్దాన్ని తుడవండి."

నాకు తల కొట్టేసినట్టయింది. "నా ఇంట్లో వస్తువులు శుభ్రంగా ఉంటాయి" అని రాశాను.

"సరే సర్. తుడిచారా?"

"తుడవాల్సిన అవసరం లేదు. రెండో మెట్టు చెప్పండి."

"మొదటి మెట్టు పూర్తికాకుండా రెండో మెట్టు చెప్పలేను సర్."

"మా వంశం గురించి మీకు తెలియదు."

"వంశమా? అది మా జాబితాలో లేదు సర్. తుడిచారా?" అని వచ్చింది.

మూత మూసేశాను.

"ఆవిడ చెప్పినట్టు ఓసారి తుడిస్తే పోయేదేముందండీ?" అంది వసుధ. "అసలు దీనికి కెమెరా ఎక్కడుంది?"

"కిందే. పాతదానికీ కిందే ఉండేది." వెండి ముద్రను కండువాతో మెరిసేలా తుడిచి చూపించాను. "చూడు. ఇంకేం తుడవాలి?"

"పోనీ, నా ఫోన్‌లోంచి ఇంటర్వ్యూలో చేరండి."

"నలభై గదుల దివాణంవారు అరచేతిలోంచి మాట్లాడటమా?"

"ఆ నలభై గదుల్లో ఇప్పుడు మనకి ఎన్ని ఉన్నాయి?"

నేను వినిపించుకోలేదు. లోపం వెలుతురుదని తేల్చాను. ఇంట్లో ఉన్న దీపాలన్నీ, చదువుకునేది, పడగ్గదిది, చివరికి పూజ దీపంతో సహా, బల్ల చుట్టూ పేర్చాను. రిజ్వాన్ భార్య నస్రీన్ వంటల వీడియోలు తీస్తుంది. ఆవిడ వాడే గుండ్రటి పెద్ద లైటును రిజ్వాన్ మోసుకొచ్చాడు.

"దీని ముందల బిర్యానీల ఒక్కొక్క మెతుకు కనబడ్తది సాబ్. మీరు కనబడరా?"

లైటుకు స్టాండు లేదు. దాంతో నా కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. మూడయింది.

తెర మీద మిసెస్ టాన్ ప్రత్యక్షమైంది. యాభై దాటిన మనిషి, కురచ జుట్టు, నవ్వని మొహం. "గుడ్ ఆఫ్టర్‌నూన్. మీ కెమెరా ఆన్ చేయలేదా?"

"చేశాను మేడమ్."

"అంతా ఎర్రగా ఉంది."

"ఇక్కడ వెలుతురు కొంచెం తక్కువ, మేడమ్." నా చుట్టూ తొమ్మిది దీపాలు. చెమట మీసం మీదుగా కారుతోంది.

"మాట్లాడుతున్న మనిషి ముఖం చూడకుండా నేను ఎవర్నీ తీసుకోను" అంది ఆవిడ. "మొన్న ఒకతను తన బదులు వేరే వాడిని కూర్చోబెట్టాడు. మరో రోజు పెట్టుకుందామా? వచ్చే నెల?"

వచ్చే నెలకు నాకు పాస్ ఉండదు. వసుధ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నా వెన్ను మొదటిసారి కొంచెం సడలింది.

"మేడమ్, యంత్రం కొత్తది. ఈ ఉదయమే... పూజ చేసి..."

"ఓ, మీరు దానికి పూజ చేశారా?" ఆవిడ ముందుకు వంగింది. "ఎర్రది ఏమైనా పెట్టారా?"

"బొట్టు. అంటే, నుదుటి మీద పెట్టేది."

"అయ్యో! మా నాన్నకి లారీ ఉండేది, తెలుసా? గుడి నుంచి ఎర్ర కాగితం తెచ్చి వెనక కెమెరా మీద అతికించాడు, రక్షణ కోసం. ఆ రోజే రివర్సు చేస్తూ గుడి గోడనే గుద్దేశాడు. మీ ఎర్రది కూడా కెమెరా మీదే ఉంది లా" అంది సింగపూరు యాసలో. "తుడిచేయండి."

నాకు అప్పుడు అర్థమైంది, ఆ ఆవగింజ ఏమిటో. చేయి ఎత్తాను. మధ్యలోనే ఆగిపోయింది. యజమాని పెట్టిన బొట్టును యజమానే చెరపడమా? మా ఇంట్లో అంతకన్నా అశుభం లేదు. ఒకవైపు ఉద్యోగం, ఒకవైపు మూడు తరాలు.

"జల్దీ సాబ్, నా చేతులు గుంజుతున్నయ్!" అన్నాడు వెనకనుంచి రిజ్వాన్.

వసుధ వచ్చింది. తడి వేలితో ల్యాప్‌టాప్ నుదుటి మీది బొట్టు మొత్తం తీసి, నా నుదుటి మధ్యన పెట్టింది.

"చెరపలేదండీ. జరిపాను, అంతే" అంది. మిగిలిన మరకను కొంగుతో తుడిచింది. లెక్కల మాస్టారి కూతురు.

తెర వెలిగింది. మిసెస్ టాన్‌కు ఒక్కసారిగా కనబడిన దృశ్యం ఇదీ: చెమటతో మెరిసే ముఖం, రూపాయి బిళ్ళంత బొట్టు, చుట్టూ తొమ్మిది దీపాలు, తల వెనక గుండ్రంగా వెలుగు చక్రం, ఆ చక్రం పైన దాన్ని పట్టుకున్న రిజ్వాన్ పళ్ళు.

నవ్వని ఆ మొహం నవ్వింది. ఆగి, మళ్ళీ నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "మీరు ఇంకొంచెం దూరం జరగండి, నాకు మొక్కాలనిపిస్తోంది" అంది.

తరువాత నా నమూనా నడిపించాను. అదొక హాకర్ సెంటర్, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు. యాభై దుకాణాలు, తిరిగే పంకాలు, ఖాళీ బల్లలు. ఆవిడ ఒక బల్ల దగ్గర ఆగమంది. "దానిమీద తెల్లగా ఏమిటది?"

"టిష్యూ ప్యాకెట్ మేడమ్. ఎవరో చోటు ఆపుకుని వెళ్ళారు."

"చోప్ కూడా పెట్టారా!" అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. అలా చోటు ఆపుకోవడాన్ని ఇక్కడ చోప్ అంటారు. "సోమవారం రండి. ఆఫీసు యంత్రాలకు మాత్రం నన్ను అడక్కుండా పూజ చేయకండి."

జెస్సికాకు క్షమాపణ రాయాలి. దివాణంలో ఆ అలవాటు లేదు గనక నా పేరు మీద వసుధ రాసింది. "మొదటి మెట్టు ఉపయోగపడినందుకు సంతోషం. మీ వంశానికి శుభాకాంక్షలు" అని జవాబొచ్చింది. ఆ అమ్మాయి మంచిదే.

ఆ రోజే లేని ఏనుగు మీద, పోయిన గంట మీద ఒట్టేసి చెప్పాను. ఇకపై ఏ యంత్రానికీ ముందువైపు బొట్టు పెట్టను, వెనకవైపే పెడతాను అని. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా, మొన్న కొత్త ఫోను కొనేదాకా. ముహూర్తం చూసి, గంధం తీసి, ఫోనును బోర్లించి, వేలు దించబోతున్నాను.

"ఏవండీ," అంది వసుధ పేపరులోంచి తల ఎత్తకుండా, "దానికి వెనక మూడు కళ్ళున్నాయి."

కాబట్టి నా ప్రమాణాన్ని పాఠకుల సమక్షంలో నిండు మనసుతో సవరిస్తున్నాను. నేటినుంచి మా దివాణంలో, వంశం ఉన్నంతకాలం, బొట్టు అట్టపెట్టెకే.